పలకరించని వెయిటర్

"రేపు మధ్యాహ్నం రెండింటి దాకా నువ్వెవరికీ గుడ్‌మార్నింగ్ చెప్పడానికి వీల్లేదు, పినాక్."

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో బోర్డు లేని ఒక మేడ మూడో అంతస్తు. ఏజెంట్ నార్వల్ పినాక్ తన చెవులను తానే నమ్మలేకపోయాడు. పదకొండేళ్ళ సర్వీసులో అతనికి రకరకాల ఆర్డర్లు వచ్చాయి. కదిలే పడవలోంచి దూకాడు, మత్స్యకారుడి వేషం వేశాడు, ఒకసారి శవపేటికలో పడుకుని మాంటెగో బే దాకా వెళ్ళాడు. ఇలాంటి ఆర్డరు మాత్రం ఇదే మొదలు.

"మా అమ్మకి తెలిస్తే చెప్పు తీసుకుంటుంది మేడమ్."

"మీ అమ్మకి క్లియరెన్స్ లేదు. కూర్చో."

చీఫ్ వెరోనా టల్లోక్ నోటి నుంచి ఆ మాట రావడమే వింత. పలకరించకుండా తన గదిలో అడుగుపెట్టినవాడు మంత్రయినా సరే, గడప బయటికి పంపి మళ్ళీ రప్పించే మనిషి ఆవిడ. ఆవిడనే అనడానికి లేదు. మా దీవిలో అంతే. బస్సెక్కినా, కొట్లోకి వెళ్ళినా, ఆస్పత్రి వరండాలో కూర్చున్నా ముందు గుడ్‌మార్నింగ్ చెప్పాలి. అక్కడున్న వాళ్ళంతా బదులివ్వాలి. ఆ తర్వాతే ఉప్పయినా, ఊపిరయినా. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది టూరిస్టులు చల్లారిన కాఫీ తాగి పోతుంటారో లెక్కలేదు.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోసింది. అరవై దాటిన ఆడమనిషి, గడ్డి టోపీ, కెమెరాని కూడా కసురుకుంటున్నట్టున్న మొహం.

"యూలలీ గ్రెల్. సెయింట్ విన్సెంట్ దీవి ఓడరేవులో ముప్ఫై ఒక్క ఏళ్ళు రాడార్ ఆపరేటర్. ఒక విదేశీ ముఠా మూడు దీవుల్లో రాడార్లకి గంటల తరబడి గంతలు కట్టి, ఆయుధాల పడవలు దించుతోంది. ఏ రోజు, ఏ గంట, ఎవరి డ్యూటీలో, అంతా ఈవిడ కనిపెట్టింది. రాసిన పుస్తకాన్ని వాళ్ళు తగలబెట్టారు. ఇప్పుడదంతా ఈవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు నాలుగింటికి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆవిడ పోతే కేసూ పోయినట్టే."

"ఇప్పుడెక్కడుంది?"

"త్రీ పెలికన్స్ రిసార్టులో. పన్నెండు వందలమంది టూరిస్టుల మధ్య మామూలు టూరిస్టులా పెట్టాం. అందరి చేతికీ అదే బ్యాండు, అందరి చేతిలోనూ అదే గ్లాసు. దాచడానికి అంతకన్నా మంచి చోటేముంది? కానీ ఈ పొద్దున సంగతి బయటికి పొక్కింది. ఎవరు పొక్కించారో తెలీదు. రేపు రెండింటికి ఎస్కార్ట్ కారు వస్తుంది. అప్పటిదాకా ఆవిడ ప్రాణం నీ చేతిలో ఉంది. నువ్వెవరో ఆవిడకి తెలియకూడదు, మొహంలో దాచుకోవడం ఆవిడకి చేతకాదు."

నార్వల్ కవర్, అంటే ఈసారి మారువేషం: టొరంటోలో పుట్టి పెరిగిన పళ్ళ డాక్టరు. మొదటిసారి దీవికి వస్తున్నాడు. ఒక్కసారి డబ్బు కడితే తిండీ తాగుడూ పడకా అన్నీ కలిసే ఉండే ఆల్-ఇన్‌క్లూజివ్ రిసార్టులో దిగడమూ మొదటిసారే.

"అక్కడ మాడలిన్ రాస్ ఉంటుంది. కెనడా వాళ్ళ ఏజెంట్. ఆ రిసార్టుకి ఇరవయ్యొక్కసారి వెళ్ళింది. మొదటిసారి వచ్చినవాడు ఎలా ఉండాలో పదకొండు సలహాలు రాసి పంపింది. బట్టీ పట్టు. పదకొండోది నీ ప్రాణానికే సంబంధించింది. టూరిస్టు నౌకర్లని పలకరించడు, లిఫ్టులో తలెత్తడు. నువ్వు నోరు తెరిచి గుడ్‌మార్నింగ్ అన్నావంటే లోకల్ మనిషివని చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది."

చివరగా చీఫ్ ఒక నీలం చేతిబ్యాండు ఇచ్చింది. దాని బకిలు రెండుసార్లు లాగితే మనవాళ్ళు నాలుగు నిమిషాల్లో రిసార్టు గేటు దగ్గర ఉంటారు.

"గేటు నుంచి బీచికి నడవడానికే ఆరు నిమిషాలు పడుతుంది మేడమ్."

"అందుకే నిన్ను పంపుతున్నాను."

*

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి లాబీలో ఒక తెల్ల గౌను అతని వైపు వచ్చింది. గౌనులో ఉన్న మనిషిని చూసి ఇద్దరు పెళ్ళైన మగవాళ్ళు గోడకి గుద్దుకున్నారు. చేతికి బంగారు రంగు బ్యాండు, పాత అతిథులకిచ్చేది.

"నాకిది మొదటిసారి," అన్నాడు నార్వల్. "తువ్వాలు కార్డు పోతే ఏం చేస్తారు?"

"ఎండలో ఆరమంటారు," అంది మాడలిన్ రాస్. కోడ్ సరిపోయింది. నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుని నడిచింది. "రండి డాక్టర్. ముందు రెస్టారెంట్లో టేబుల్ రాయించుకోవాలి. కొత్తవాళ్ళు ఆకలేశాక వెళ్తారు, అప్పటికి ఒక్క కుర్చీ ఉండదు. మీకూ నాకూ మన పెద్దావిడకీ పన్నెండున్నరకి చెప్పేశాను. సముద్రం మీద కట్టిన హోటల్, గాలి బాగుంటుంది. ఇదిగో, ఈ స్టీలు మగ్గు ఉంచండి. బార్లో గ్లాసులు మందుసీసా మూతలంత ఉంటాయి. ఇంకో మాట, తొలిరోజే ఊరికే వస్తోందని తాగేయకండి. రేపు కూడా ఊరికే వస్తుంది."

"రేపు దాకా ఉంటే కదా."

"అదీ నిజమే," అంది ఆవిడ, అదే నవ్వుతో.

తువ్వాళ్ళ కౌంటర్లో మిస్ క్లోవర్ అని ఒకావిడ ఉంది, బలమైన చేతులు, గట్టి గొంతు. "గుడ్‌మార్నింగ్ సర్," అంది. నార్వల్ పళ్ళు బిగబట్టి కార్డు ఇచ్చి, తువ్వాలు తీసుకుని వెనక్కి తిరిగాడు.

"ఇలాంటివాళ్ళకి తడి తువ్వాలు ఇవ్వాలి," అంటోంది ఆవిడ పక్కమనిషితో. "నోట్లో ముత్యాలున్నాయి కాబోలు, రాలిపోతాయని భయం."

నార్వల్‌కి సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. శవపేటికే నయమనిపించింది.

లిఫ్టులో ఇంకా ఘోరం. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. గడ్డి టోపీ, చేతిలో అరటికాయ వేపుడు పళ్ళెం, యూలలీ గ్రెల్.

"గుడ్‌మార్నింగ్."

అతను పైకప్పు వైపు చూశాడు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. ఒకటో అంతస్తు దాటింది.

"చెవుడా నాయనా?" అందావిడ. కాసేపు చూసి, "చెవుడు కాదులే, పెంపకం," అని దిగిపోయింది. ఎవరి ప్రాణం కాపాడటానికి వచ్చాడో ఆ మనిషి నోటే తల్లిదండ్రుల్ని తిట్టించుకున్నాడు. మూడు గంటలు ఆవిడ వెనకే, ముప్ఫై అడుగుల దూరంలో తిరిగాడు. ఆవిడ ఈత కొలను పక్కన కూర్చుంటే ఇతను గొడుగు కింద కూర్చున్నాడు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంటే ఇతను వంటవాళ్ళ చేతులు గమనించాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే అతనికి నచ్చలేదు.

*

పన్నెండున్నర. సముద్రం మీద కర్ర దుంగలు నాటి, చెక్కలు పరిచి కట్టిన హోటల్. నాలుగు దిక్కులా గాలి. చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళూ, రొట్టెముక్కల కోసం గుమిగూడిన చారల చేపలూ కనిపిస్తున్నాయి.

"ఈయనతోనా భోజనం?" అంది యూలలీ, నార్వల్‌ని చూసి.

"డాక్టర్ గారు కొత్తవారు, మిస్ యూలలీ," అని సర్దిచెప్పింది మాడలిన్. "మొదటిసారి."

"పుట్టడం కూడా మొదటిసారేనా?" అంటూ ఆవిడ కుర్చీ లాక్కుంది. తర్వాత మాడలిన్ చెవిలో గుసగుసగా, అంటే నాలుగు టేబుళ్ళకి వినపడేలా అంది, "నాకు ఎవరినో కాపలా పెట్టారట. ఆ కొలను దగ్గర లావాటి ఆయనే అనుకుంటా. పొద్దుట్నుంచీ నిద్రపోతున్నాడు పాపం."

పన్నెండూ నలభై. మిస్ క్లోవర్ తడిసిన తువ్వాళ్ళ బండి తోసుకుంటూ, ఒడ్డు నుంచి హోటల్‌కి వేసిన చెక్క వంతెన మీదికొచ్చింది. గ్రిల్ దగ్గర ఒకతను చేపలు తిప్పుతున్నాడు. బార్లో ఇద్దరు. వంటగదికి ఒకటే తలుపు. అంతా నార్వల్ లెక్కలోనే ఉంది.

పన్నెండూ నలభై ఆరు. వంటగది తలుపు తెరుచుకుని వెయిటర్ వచ్చాడు. మడత నలగని యూనిఫారం, నిటారు నడక. బ్యాడ్జి మీద పేరు లెరాయ్, ఊరు ఈ దీవిలోదే, పోర్ట్ మరియా. మూడు గిన్నెల శంఖపునత్త మాంసం సూపు తెచ్చాడు. యూలలీ ముందు ఒకటి, మాడలిన్ ముందు ఒకటి, నార్వల్ ముందు ఒకటి. చుక్క ఒలకలేదు. చిరునవ్వు నవ్వి, చేతులు కట్టుకుని ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"బ్రహ్మాండమైన వాసన," అని యూలలీ చెంచా ముంచింది.

ఏదో తేడా కొట్టింది నార్వల్‌కి. ఏమిటది? బూట్లు సరిగ్గానే ఉన్నాయి. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. జేబు ఎత్తుగా లేదు. ఎడమ చేత్తో వడ్డించలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఏదో లేదు. యూలలీ చెంచా ఎత్తి ఊదుతోంది. ఒకసారి ఊదింది. రెండోసారి ఊదింది.

పొద్దుట్నుంచీ ఈ రిసార్టులో తోటమాలి పలకరించాడు. మెట్లు తుడిచే పిల్ల పలకరించింది. తువ్వాళ్ళావిడ పలకరించి తిట్టింది కూడా. ఈ దీవివాళ్ళలో ఎవరినీ పలకరించనివాడు తనొక్కడే, అదీ ఆర్డరు మీద.

మరి వీడికి ఎవరిచ్చారు ఆర్డరు?

చెంచా ఆవిడ పెదవికి ఒక్క అంగుళం దూరంలో ఉంది. బల్లకి అటు చివర ఉన్నాడు నార్వల్, చెయ్యి అందదు. అందినా, పొరపాటయితే కవర్ పోతుంది, అసలు హంతకుడు ఇంకోడయితే ఆవిడ పోతుంది. ఆలోచించే వ్యవధి లేదు. వాళ్ళమ్మ నేర్పిన గొంతుతో, నిండుగా, చర్చి వెనక బల్లకి కూడా వినపడేలా అన్నాడు:

"గుడ్ ఆఫ్టర్‌నూన్, అందరికీ."

"గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్," అన్నాడు గ్రిల్ దగ్గరివాడు. "గుడ్ ఆఫ్టర్‌నూన్," బార్లో ఇద్దరూ ఒక్క గొంతుతో. "హమ్మయ్య, మాటలొచ్చాయి. గుడ్ ఆఫ్టర్‌నూన్," వంతెన మీంచి మిస్ క్లోవర్.

యూలలీ గ్రెల్ చెంచా దించేసింది. నోట్లో మెతుకు పెట్టుకుని పలకరింపుకి బదులివ్వడం వాళ్ళింటా వంటా లేదు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ నాయనా," అంది ఆశ్చర్యంగా.

అందరికన్నా దగ్గరగా నిలబడ్డవాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. నోరు విప్పలేదు.

"డార్లింగ్," అంది మాడలిన్ మెల్లగా, "పదకొండో సలహా మర్చిపోయావా?"

ఆ క్షణంలో నార్వల్‌కి మొత్తం అర్థమైంది. అతని కవర్ కాపాడటానికి కాదు ఆ సలహా. ఇక్కడివాడొకడు ఆ వెయిటర్‌ని పలకరిస్తే, వాడు నోరు తెరవాలి. తెరిస్తే వాడిది ఈ సముద్రంలో ఏ దీవి యాసా కాదని తేలిపోతుంది. అందుకే ముందుగానే ఇతని నోరు కట్టేసింది. పొక్కించింది ఎవరో ఇక చీఫ్ వెతకనక్కర్లేదు.

బకిలు రెండుసార్లు లాగాడు. మాడలిన్ చెయ్యి బీచి సంచిలోకి వెళ్ళింది. ఎండకి పూసుకునే క్రీము సీసా బయటికొచ్చింది, దాని మూతిలో సన్నటి సూది మెరుస్తోంది. నార్వల్ స్టీలు మగ్గుతో ఆ మణికట్టు మీద ఒక్కటి వేశాడు. సీసా ఎగిరి సముద్రంలో పడింది. బల్ల ఒరిగి, యూలలీ గిన్నెలో సగం సూపు ఒలికి చెక్కల సందులోంచి కిందికి కారింది.

వెయిటర్ పరుగందుకున్నాడు. వంతెన ఇరుకు.

"ఆపండి వాణ్ణి, మిస్ క్లోవర్."

"దయచేసి అనలేదు," అంటూనే ఆవిడ బండిని అడ్డంగా తోసింది. వాడు ఎనభై తడి తువ్వాళ్ళ మీద బోర్లా పడ్డాడు. ఆవిడ వాడి వీపు మీద కూర్చుంది. లేచే ఉద్దేశం ఆవిడకి లేదు, లేపే బలం వాడికి లేదు.

యూలలీ చెక్కల సందులోకి తొంగిచూసింది. ఇందాక రొట్టెకోసం ఎగబడ్డ చేపలు ఏడెనిమిది తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆవిడ మొహంలో రంగు పోయింది. మిగిలిన గిన్నెని రెండు చేతులతో దూరంగా తోసేసింది. నార్వల్ ఆ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. పదో నిమిషానికి మనవాళ్ళు వచ్చారు. సూపు గిన్నె సీలు చేశారు. మాడలిన్ బంగారు బ్యాండు పక్కనే ఇంకో ఇనప బ్యాండు పడింది. ఆ బ్యాండుతో వెళ్ళే జైల్లోనూ తిండీ పడకా అన్నీ కలిసే ఉంటాయి.

*

రెండింటికి ఎస్కార్ట్ కారు వచ్చింది. యూలలీ గ్రెల్ తలుపు దగ్గరే ఆగింది.

"ఎక్కండి మిస్ యూలలీ. టైమవుతోంది."

"పొద్దున లిఫ్టులో నువ్వు నాకొకటి బాకీ."

నార్వల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గుడ్‌మార్నింగ్, మిస్ యూలలీ. తప్పయింది. మా అమ్మ మంచిదే."

"తెలిసింది. ఆవిడ పెంపకమే ఇవాళ నన్ను బతికించింది," అని ఆవిడ కారెక్కింది. నాలుగింటికి ఆవిడ కోర్టులో తేదీలు, గంటలు, పేర్లు, ఒక్కటి తప్పకుండా అప్పజెప్పింది. ముందు జడ్జిగారికి గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పాకే.

కోర్టు మెట్ల మీదినుంచి నార్వల్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఊపిరి బిగబట్టుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు: "మేడమ్, మిషన్ పూర్తయింది. సాక్షి క్షేమం. ద్రోహి దొరికింది."

అటువైపు చీఫ్ ముందు గడియారం చూసింది.

"రెండు దాటి రెండున్నర గంటలైంది, పినాక్," అంది చీఫ్ వెరోనా టల్లోక్. "ఫోన్ పెట్టేసి, మళ్ళీ చేసి, ముందు పలకరించు."