గని ముందు చెప్పులు

2008 ఏప్రిల్. ఖమ్మంలో ఓ గెస్ట్‌హౌస్. టేబుల్ మీద ఒక రాయి, పక్కనే ఒక శవం ఫొటో.

"మన జియాలజిస్టు. ఈ రాయి పంపిన మర్నాడే లోయలో పడ్డాడు," అంది గూఢచారి శాఖ చీఫ్ నిర్మలాదేవి. "పడ్డాడో, పడేశారో నీకు చెప్పక్కర్లేదు."

ఏజెంట్ వెంకటకృష్ణ ఫొటో చూశాడు. ఆ మనిషితో ఎన్నిసార్లు టీ తాగాడో లెక్కలేదు. అయినా ఏమీ అనిపించలేదు. రెండేళ్ల క్రితం ఒక మిషన్‌లో మతి చెదిరి, వారాల తరబడి నిద్ర లేక, వాగుతూ తిరిగాడు. అప్పుడు డాక్టరు రాసిన తెల్లమాత్రలతో మళ్లీ మనిషిగా నిలబడ్డాడు. నిలబడ్డాడంటే, అంతే. సంతోషం, ఏడుపు, భయం అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టు ఉండేవి. భయపడని ఏజెంట్ దొరికాడని శాఖ మాత్రం మురిసిపోయింది. ఆఫీసులకు ఇంతకంటే ఏం కావాలి?

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. చర్ల అవతల అడవిలో ముప్పై ఏళ్ల కింద మూతపడ్డ మైకా గని ఉంది. టైల్స్ పొడి కంపెనీ పేరు చెప్పి హోల్ట్ అనే విదేశీయుడు దాన్ని లీజుకు తీసుకున్నాడు. తీస్తున్నది మాత్రం మైకా కాదు, దాని పక్కనే దొరికే లేతాకుపచ్చ రాయి. బట్టీలో కాల్చి, పొడి చేసి, యాసిడ్ పట్టిస్తే అందులోంచి లిథియం వస్తుంది. సర్కారు అనుమతి లేకుండా ముట్టుకోకూడని సరుకది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి గని నోరు పేల్చి మూసేసి, ముఠా దేశం దాటుతుంది. ఈలోపు రాతి శాంపిళ్లు, మ్యాపులు చేతికి రావాలి. లోపల శాఖ మనిషి ఒకామె ఉంది. హోల్ట్ మేనేజరు నాగలత.

"నిన్నే పంపమని తనే అడిగింది," అంది చీఫ్.

శనివారం పొద్దున తొమ్మిదింటికి వెంకటకృష్ణ పెట్టుడు మీసంతో, చంకలో ఫైలుతో, పేలుడు సామగ్రి ఇన్‌స్పెక్టర్‌గా గని గేటు ముందు దిగాడు. చర్ల దాటాక రోడ్డన్నది పేరుకే. నడుములు విరిగాయి, మీసం ఊడలేదు.

గేటు దగ్గరికి నాగలత వచ్చింది. నల్లకళ్లద్దాలు, అంత దుమ్ములోనూ నలగని పట్టుచీర. సత్తుపల్లి వైపు ఆసాముల బిడ్డ, విదేశంలో చదివింది.

"టేకు పూసిందా?" అన్నాడు.

"ఈ ఏడు ఆలస్యమండీ," అంది. కోడ్ కుదిరింది.

గని నోటి దగ్గర ఆరుగురు లంబాడీ ఆడవాళ్లు చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి లోపలికి పోబోతున్నారు. రాళ్లు ఏరే పని వాళ్లది. వాళ్లలో జమ్లి అనే ఆమె ఇన్‌స్పెక్టరుగారికి చెంబుతో నీళ్లిచ్చింది. గని పేల్చే బిచ్యా ఆమె భర్తే. చెప్పులెందుకు విడిచారని వెంకటకృష్ణ అడిగాడు.

"లోపల మైసమ్మ ఉంటది సారూ. చెప్పుల్తోని ఎట్ల పోతం?" అంది జమ్లి. "ఇంకోటి, బయట చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. మా ఆయన నేల చూసినంకనే మందు అంటిస్తడు."

ఆమె చెప్పు ఒకటి తెగితే నీలం వైరుతో కట్టుకుంది. చూడటం అలవాటు గనక అదీ చూశాడు. తర్వాత బట్టీ వెనక్కి పోయి, అక్కడ ఆరబోసిన తెల్లపొడి చిటికెడు లైటరు మంటలో చల్లాడు. మంట ఎర్రగా తిరిగింది. లిథియమే. జేబులో పెన్ను కెమెరా క్లిక్‌మంది.

పదకొండు యాభైరెండుకు నాగలత జీపు తాళం అతని చేతిలో పెట్టింది. శాంపిళ్ల పెట్టె, మ్యాపులు డిక్కీలో ఉన్నాయంది. ఆడవాళ్లను లారీలో చర్ల పంపేశామంది. హోల్ట్ గుట్ట మీద బైనాక్యులర్స్‌తో ఉన్నాడు, వెనక్కి చూడకుండా పొమ్మంది.

వెంకటకృష్ణ డిక్కీ తెరిచాడు. పెట్టె ఉంది, మ్యాపులున్నాయి. వాటి వెనక ఒక గోనెసంచి. మూతి విప్పాడు.

ఆరు జతల చెప్పులు. ఒకదానికి నీలం వైరు.

అతని గుండె దడదడలాడలేదు, చెమట పట్టలేదు. కాళ్లు మాత్రం అతన్ని అడక్కుండానే పరుగందుకున్నాయి.

గని దగ్గర బిచ్యా నేల చూసుకున్నాడు. ఒక్క చెప్పూ లేదు. ఫ్యూజు అంటించి బండ చాటుకు పోయాడు. వెంకటకృష్ణ వచ్చి గోనెసంచి అతని ముందు బోర్లించాడు. నీలం వైరు బిచ్యా కంటపడింది. నడుముకున్న కత్తి లాగి ఉరికాడు. నిప్పు, మందు కూరిన రాతి రంధ్రానికి జానెడు దూరంలో ఉండగా ఒక్క వేటుతో ఫ్యూజు తెంపాడు. అప్పటికి టైము సరిగ్గా పన్నెండు.

గని లోపల ఇనుప గేటుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. వెంకటకృష్ణ పోయి తీశాడు. లోపల ఆడవాళ్లు దీపం పెట్టుకుని చివరి కుప్ప ఏరుతున్నారు. పేల్చేది సోమవారమని వాళ్లకు, వాళ్లు లారీలో వెళ్లిపోయారు గనక ఇవాళే కానిమ్మని బిచ్యాకు అప్పటికప్పుడు చెప్పారట.

అతని వైర్‌లెస్ కబురుతో చర్ల క్యాంపు పోలీసులు వచ్చి గుట్ట మీద హోల్ట్‌ను పట్టుకున్నారు. నాగలత ఎక్కడికీ పారిపోలేదు. కళ్లద్దాలు తీసి, బేడీలకు చేతులు చాచింది.

"మ్యాపులు మీకు, చూసినవాళ్ల నోళ్లు మూయించడం హోల్ట్‌కి. రెండు వైపులా పనైపోయేది," అంది. "మీకు ఏమీ అనిపించదని ఫైల్లో చదివానండీ. డిక్కీలో ఏం కనబడినా బండి తోలుకు పోతారనుకున్నా. అందుకే మిమ్మల్నే అడిగాను."

"ఏమీ అనిపించలేదు," అన్నాడు వెంకటకృష్ణ. అబద్ధం చెప్పలేదు.

గని ముందు ఆడవాళ్లు కలిసిపోయిన చెప్పుల కోసం ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. జమ్లి అతని దగ్గరికి వచ్చింది.

"మా రాళ్లల్ల ఏముందని గిట్ల చంపబోయిన్రు సారూ?"

వెంకటకృష్ణ జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. "ఇందులో ఉన్నదే. లిథియం."

"గోలీనా? దేనికి వేస్తరు?"

"నాకైతే ఏమీ అనిపించకుండా పోయింది."

జమ్లి గని నోటి వైపు చూసింది. చెప్పులన్నీ ఎవరివి వాళ్లు తొడుక్కున్నాక, అక్కడ నేల మీద ఒక జత బూట్లు మిగిలాయి. వెంకటకృష్ణ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఎప్పుడు విప్పాడో అతనికే గుర్తులేదు.

"గోలీ సక్కగ పనిచేస్తలేదు సారూ," అంది జమ్లి. "దవాఖానల చెప్పుండ్రి."