జనరేటర్‌కి పచ్చ తెర

"ఫాస్ట్‌గా పెరిగే మొక్కలు కావాలి. దీన్ని దాచాలి."

దామోదర్ ఫోన్‌లో ఫొటో చూపించాడు. పెరట్లో రంగు పోయిన పాత జనరేటర్, దాని పక్కన తుప్పు పట్టిన బోరు మోటారు.

కె.ఆర్.పురం దగ్గర మొక్కల నర్సరీ నడిపే మునిలక్ష్మి ఫొటో చూసి, అతన్ని చూసింది.

"ఇంత ముద్దుగా ఉండాది, ఎందుకప్పా దాచేది?"

"జోకులు వద్దు. మా అమ్మ ఆర్డర్. పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారట. హాల్ కిటికీలోంచి ఇది కనబడకుండా పోతేగానీ వాళ్ళని రమ్మనదట."

"అట్లనా! అయితే క్రోటన్ వద్దు, మెల్లగా పెరుగుతాది. ఆ పిల్ల ఓపిక పోతాది. మందారానికి పురుగు పడతాది. డురాంటా తీసుకుపో. మూడు నెలల్లో నీ భుజం ముట్టుతాది."

"అంత తొందరగానా?"

"ఫాస్ట్ కావాలని నువ్వే కదప్పా అంటివి!"

"అన్నాననుకో..."

"జనరేటర్‌కి ఆనించి నాటొద్దు. మూడడుగులు వదులు, వేడిగాలికి ఆకు మాడిపోతాది. మెకానిక్ వచ్చే పక్క ఖాళీ ఉంచు. ఇంజనీర్లకి అన్నీ చెప్పాల."

"నేను ఇంజనీర్‌నని నీకెలా తెలుసు?"

"మట్టిలో నిలబడి మొక్కల్ని చూడకుండా షూ చూసుకుంటా ఉండావు."

ఆ తర్వాత ప్రతి శనివారం దామోదర్ వచ్చాడు. ఒకసారి ఆకు పండిందన్నాడు. ఒకసారి చీమ కనబడిందన్నాడు. ఇంకోసారి ఏమీ దొరక్క, "మొక్కలు డల్‌గా ఉన్నాయి" అన్నాడు.

"మొక్కలా, నువ్వా?"

అంతలో వాన. ఇద్దరూ షేడ్ నెట్ కిందకి పరుగెత్తారు. ఆ నెట్ ఎండని ఆపుతుందిగానీ వానని ఆపదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. శుభ్రంగా తడిశారు.

"ఎరువు వెయ్యాలా?" అన్నాడు దామోదర్.

మునిలక్ష్మి పక్కనున్న కుండీని చూస్తూ, "ఇప్పుడే వద్దు" అంది.

నాలుగో నెలలో అతని తల్లి ప్రేమకుమారి తనే నర్సరీకి వచ్చింది.

"మోకాలు కూడా దాటలేదు. చచ్చు మొక్కలు అంటగట్టావా అమ్మాయ్?"

మునిలక్ష్మికి రోషం వచ్చింది. "మా మొక్కల్ని అట్లా అనొద్దు ఆంటీ. పదండి, నేనే వచ్చి చూస్తా."

పెరట్లో ఆమె గొంతు వినగానే, దామోదర్ ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే మునిలక్ష్మి కొమ్మల కొసలు పట్టుకుని చూస్తోంది. అన్నీ ఒకే ఎత్తులో, నున్నగా తెగి ఉన్నాయి.

"ఇవి పెరగక కాదు ఆంటీ. ఎవురో వారం వారం కత్తిరిస్తా ఉండారు."

ప్రేమకుమారి కొడుకు వైపు తిరిగింది. "ఏరా?"

దామోదర్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవి పెరిగితే వాళ్ళు వస్తారు. వాళ్ళు రావడం నాకిష్టం లేదమ్మా. నాకు... నా శనివారాలు కావాలి."

మునిలక్ష్మి చేతిలోని కొమ్మ వదిలేసింది.

"ఆ ముక్క చెప్పడానికి నాలుగు నెలలా!" అంది ప్రేమకుమారి. "సరే, నువ్వు కత్తిరించావు. మరి ఎరువు వేస్తే గుబురుగా చిగురు రాదూ? ఈ అమ్మాయిని అడగలేదా?"

"అడిగానమ్మా. వద్దంది."

ఈసారి చెవులు ఎర్రబడటం మునిలక్ష్మి వంతయింది.

"అదీ... వానాకాలం కదా ఆంటీ..."

"వానాకాలంలోనే కదమ్మా వేసేది. నేనూ పొలం చేసినదాన్నే."

"వేస్తే... పెరుగుతాయి కదా" అని గొణిగింది మునిలక్ష్మి.

దామోదర్ నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు. ప్రేమకుమారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం మీ నాన్నని ఇల్లు చూడ్డానికి తీసుకురా అమ్మాయ్. కానీ ఏం లాభం, ఈ పాడు జనరేటర్ ఇంకా..."

"దాన్ని నేను చూసేసినా కదా" అంది మునిలక్ష్మి. "ఇంకెవురికి కనబడకుండా దాచాలత్తా?"