చివరి జానెడు

ఏప్రిల్ నెలలో రావలసిన వాన కాదది. ఆదోనిలో తెల్లవారేసరికి వీధులన్నీ తడిసిపోయి ఉన్నాయి. ఎనిమిదింటికి మొదలైన పాఠం సగంలో ఉండగా ఒకమ్మాయి వచ్చి గుమ్మం బయట నిలబడింది. జడలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలోని సంచీ మాత్రం పొడిగా ఉంది. దాన్ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి గుండెకు అదుముకుని ఉంది.

"నేను శోభ సార్. ఎమ్మిగనూరు. నిన్న ఫోన్ చేసినాను గదా."

"ఎనిమిదికి రమ్మన్నాను. ఇప్పుడు తొమ్మిదిన్నర," అన్నాడు ఈరేష్.

"బస్సు దోవలో పంక్చరైంది సార్."

"బస్సు పంక్చరైతే నేనేం చేయాలి?"

"నన్ను తిట్టండి సార్. బస్సును తిట్టలేరు గదా."

హాల్లో చాప మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. ఈరేష్ నవ్వలేదు. ఆ ఇంట్లో ఏడు నెలలుగా ఎవరూ నవ్వలేదు.

ఈరేష్ ఊళ్లోనే ఒక ప్రైవేట్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. డీఎస్సీ రాసేవాళ్లకు ఆదివారాలు ఇంట్లో పాఠం చెప్తాడు. ఇంట్లో ఉండేది అతనూ, తల్లి మహాదేవమ్మా, గోడ మీద చెల్లెలు రాధిక ఫోటో.

"ఎక్కణ్నుంచి కావాలి నీకు?"

"పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నుంచి సార్."

అతని చేతిలోని సుద్దముక్క ఆగింది. "అది ఆరో తరగతి పాఠం."

"ఆరో తరగతిలో నేను బడికి పోయిన దినాలు తక్కువ సార్. మా నాయన మగ్గం మీదుంటే నూలు కండెలు చుట్టేదాన్ని. ఆ తర్వాతంతా బట్టీ కొట్టి నెట్టుకొచ్చినా. పోయినసారి రెండు మార్కుల్లో ఉద్యోగం పోయింది. ఇంగ్లీషే ముంచింది. ఈసారీ రాకపోతే ఇంక రాయనని మా అమ్మకు మాటిచ్చినా."

"ఆ పాఠం నేను చెప్పను. గైడులో చదువుకో."

"గైడు చదివితే వచ్చేదైతే, ఈ వానలో ఎందుకొస్తాను సార్?"

వంటింట్లోంచి మహాదేవమ్మ గొంతు వినిపించింది. "అడిగిన పిల్లకు చెప్పరాదేమిరా?"

మామూలు మాటే. కానీ ఆ మాటకు తల్లీ కొడుకూ ఇద్దరూ ఒక్క క్షణం కదల్లేదు. మహాదేవమ్మ ఉగ్గాని ప్లేటు తెచ్చి శోభ చేతిలో పెట్టింది. "ముందు తల తుడుచుకో పాపా. తిను. వాడు చెప్తాడులే."

చెప్పక తప్పలేదు. "నౌన్ అంటే పేరు. మీ ఇంట్లో కనబడేవాటి పేర్లు చెప్పు," అన్నాడు బోర్డు వైపు తిరిగి.

"మగ్గం. నాడె. అమ్మ. నాయన ఫోటో."

మూడు మాటలు రాశాక అతని చెయ్యి ఆగింది. "ఎప్పుడు?"

"రెండేండ్లాయె సార్."

నాలుగో మాట కూడా బోర్డు మీద రాశాడు.

* * *

శోభ ప్రతి ఆదివారం ఆలస్యంగానే వచ్చేది. ఏదో ఒక కారణం చెప్పేది. వారంలో ఆరు రోజులు మగ్గం మీద కూర్చుంటుందని, ఆదివారం కూడా తెల్లవారుజామున కాసేపు నేసి వస్తుందని మహాదేవమ్మ ద్వారా తెలిశాక ఈరేష్ అడగడం మానేశాడు. శోభకు అదీ నచ్చలేదు.

"ఏం సార్, తిట్టకుండా వదిలేసినారు? నాకు పాఠం ఎక్కదు."

"తిడితే ఎక్కుతుందా?"

"ఇన్నాళ్లూ అట్లే ఎక్కింది సార్."

ఒకే మాట ఒకచోట నౌను, ఇంకోచోట వెర్బు ఎలా అవుతుందో నలుగురికీ అర్థం కాని రోజున శోభే చెప్పింది. "మగ్గం కాడ మనిషి పేరుతో పని లేదు సార్. నేసేది ఎవరు, కండె చుట్టేది ఎవరు, అంతే సూస్తారు. నేసేటప్పుడు నేను నేసేదాన్ని. చుట్టేటప్పుడు చుట్టేదాన్ని. మాట గూడా అంతే గదా?"

తొమ్మిదేళ్లుగా ఈరేష్ ఆ పాఠం చెప్తున్నాడు. ఇంత సులువుగా ఎన్నడూ చెప్పలేకపోయాడు. "అంతే," అన్నాడు. మర్నాడు బడిలో ఎనిమిదో తరగతికి ఆ మాటలే చెప్పాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు.

అడ్జెక్టివ్ నాడు తలా ఒక ఉదాహరణ చెప్పమన్నాడు.

"స్ట్రిక్ట్ సార్," అంది శోభ, కిటికీ వైపు చూస్తూ.

"లేట్ స్టూడెంట్," అన్నాడు ఈరేష్.

హాలంతా నవ్వులు. వంటింటి తలుపు దగ్గర మహాదేవమ్మ గరిటె పట్టుకుని నిలబడి కొడుకు ముఖాన్నే చూస్తోంది. అతను గబుక్కున బోర్డు తుడిచేశాడు.

తరువాతి ఆదివారం బోర్డు మీద 'అడ్వెర్బ్' అని రాసి ఆగిపోయాడు. వెనక నోటుపుస్తకాలు తిప్పుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. "ఇవాళ్టికి చాలు," అని చెప్పి మేడ మీదికి వెళ్లిపోయాడు.

పోయిన సెప్టెంబరులో రాధిక కూడా డీఎస్సీకి చదివేది. ఒక సాయంత్రం నోట్సు తెచ్చి అతని ముందు పెట్టింది. "అన్నా, అడ్వెర్బు అర్థం కాలేదు. రవ్వంత చెప్పవా?" అతని ముందు దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. "రేపు చెప్తాలే," అన్నాడు తల ఎత్తకుండానే. తెల్లారి రాధికకు జ్వరం. డెంగీ అన్నారు. ఆరో రోజున కర్నూలు ఆసుపత్రి నుంచి తెల్లగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చారు.

ఆ నోట్సు అతను మళ్లీ తెరవలేదు. బీరువాలో రాధిక చీరల కింద ఉందని మాత్రం తెలుసు.

మరుసటి వారం అడ్వెర్బు చెప్పాడు. ముఖం బోర్డు వైపే పెట్టి, త్వరత్వరగా. తర్వాత ప్రిపొజిషన్, కంజంక్షన్ కూడా అయ్యాయి. చివరిది ఇంటర్జెక్షన్, అయ్యో, ఆహా లాంటి మాటలు. "అది చిన్నది. మీరే చదువుకోండి," అన్నాడు. బడి పిల్లలకూ ఈ ఏడు అలాగే చెప్పాడు. ఆ పాఠంలో అందరూ ఇచ్చే ఉదాహరణ ఒకటుంది. అలాస్, హీ ఈజ్ డెడ్. అది నోటితో పలకడం అతని వల్ల కాలేదు.

* * *

పరీక్షకు మూడు వారాలుంది. ఆ ఆదివారం పాఠం అయ్యాక ఈరేష్ బయటికి వెళ్లడానికి చెప్పులు వేసుకోబోతూ వెనక్కి చూశాడు. శోభ వంటింటి గుమ్మంలో నిలబడి సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసి మహాదేవమ్మకు ఇస్తోంది. గోధుమరంగు అట్ట. మీద నీలం సిరాతో రాధిక పేరు.

ఈరేష్ వచ్చి ఆ పుస్తకం లాక్కున్నాడు. మధ్యలో ఎక్కడో తెరుచుకుంది. రాధిక గుండ్రటి అక్షరాలు ఉండాల్సిన చోట నిటారుగా, ఒత్తొత్తుగా వేరే అక్షరాలు. ఒక పేజీ కాదు. పేజీలకు పేజీలు.

"ఇందులో రాసింది నువ్వేనా?"

"అవును సార్."

"ఎవరు రాయమన్నారు?"

శోభ మహాదేవమ్మ వైపు చూసి తల దించుకుంది.

"నేనే ఇచ్చినా రా," అంది తల్లి. "చదువుకోమని..."

"చదువుకోమని ఇచ్చావు. రాయమని ఇచ్చావా?" అతను శోభ వైపు తిరిగాడు. "నా చెల్లెలి పుస్తకంలో రాయడానికి నువ్వెవరు? నీకూ దానికీ ఏం సంబంధం? ఖాళీ కాగితం కనబడితే చాలా?"

శోభ సంచీ తీసుకుంది. "తప్పైంది సార్," అని చెప్పులు వేసుకుంది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు.

తరువాతి ఆదివారం ఆమె రాలేదు. ఎనిమిది, తొమ్మిదిన్నర, పది అయ్యాయి. పాఠం చెప్తూ ఈరేష్ గుమ్మం వైపు చూడటం నలుగురూ గమనించారు. సోమవారం వాన పడితే, ఏ బస్సు ఎక్కడ ఆగిందో అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"పరీక్ష ఇంకా ఎన్ని దినాలుంది?" అని అడిగింది మహాదేవమ్మ, అన్నం వడ్డిస్తూ.

"పన్నెండు."

"ఒక పిల్ల అడిగితే రేపన్నావు. ఇంకో పిల్లను ఇంట్లోంచి పంపిస్తివి. అంతకంటే నేనేం సెప్పను ఈరేషా."

ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం పేపర్ల సంగతి ఆమెకు తెలుసని కూడా అతనికి తెలియదు. అతను లేచి చెయ్యి కడుక్కుని బీరువాలోంచి పుస్తకం తీసి, తెరవకుండానే సంచీలో పెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

* * *

ఎమ్మిగనూరులో శోభ తండ్రి సిద్ధప్ప ఇల్లెక్కడని అడిగితే మగ్గాల వీధి చూపించారు. ఇంటి ముందు గదిలోనే మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి శోభ నేస్తోంది. అతన్ని చూసి, పోగును అటూ ఇటూ నడిపే నాడె వదిలేసింది.

"కూసో సారూ," అంటూ తల్లి బసమ్మ పీట వేసింది. "పాప వారం పైనుంచి పుస్తకం ముట్టలేదు. అడిగితే సెప్పదు. మీరన్నా సెప్పండి, ఏమైందో."

"నాదే తప్పు," అన్నాడు ఈరేష్.

"మీది కాదు సార్," అంది శోభ గుంటలోంచి లేస్తూ. "నాదే. మా ఇంటి పద్ధతి మీ ఇంట్లో జరిపించినా. అమ్మా, నాయన చీర తీయవా?"

బసమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఏమీ అడగకుండా పెట్టె తెరిచి పాతగుడ్డలో చుట్టిన చీర తెచ్చి అతని ఒడిలో పరిచింది. మిరపపండు రంగు. మూడొంతులు నేత బిగువుగా, గీత గీసినట్టు సాగి ఒకచోట ఆగింది. అక్కడ అడ్డంగా ఒకే ఒక్క పసుపు పోగు. దాని తర్వాత నేత కాస్త వదులు. కొంగు చివర జానెడు మేర మాత్రం పోగులు వంకర టింకరగా ఉన్నాయి.

"మా ఆయప్ప మగ్గం మీదనే పోయినాడు సారూ," అంది బసమ్మ. "ఆ పసుపు పోగు కాడికి ఆయన చెయ్యి."

"నేసేటోళ్లు సగంలో పోతే గుడ్డను కోయకూడదు సార్, మాలో," అంది శోభ. "కోస్తే ఆ మనిషి పని సగంలోనే ఆగిపోయినట్టంట. ఆగిన కాడ పసుపు పోగు వేసి ఇంకొకరు నేయాల. నాకు చేతులాడలేదు. పక్కింటి అయ్యన్న నేసిచ్చినాడు. చివరి జానెడు మాత్రం ఇంటోళ్లే నేయాల. అది నేను నేసినా. ఏడుస్తా నేసినా, అందుకే అట్లుంది."

ఈరేష్ ఆ వంకర పోగుల మీద వేళ్లు పెట్టాడు.

"అక్క పుస్తకం సగంలో ఆగింది చూసినాక ఇంట్లో పెట్టుకోలేకపోతి సార్. ఎవరన్నా ముగించాలనుకున్నా. అడగాల్సింది. అడగలేదు."

అతను సంచీలోంచి పుస్తకం తీశాడు. అక్కడే, ఆ చీర మీద పెట్టుకుని మొదటి పేజీ నుంచి తిప్పాడు. నౌన్ కింద రాధిక రాసుకున్న మొదటి ఉదాహరణ, 'ఈరేష్'. అడ్జెక్టివ్ కింద, 'మై బిజీ బ్రదర్'. తరువాతి పేజీలో అడ్వెర్బ్ అని పెద్దగా రాసి, కింద పెన్సిల్‌తో తెలుగులో చిన్నగా రాసుకుంది: అన్నను అడగాలి.

ఆ మాట కింద కాగితానికి సూదితో కుట్టిన ఒక పసుపు పోగు ఉంది.

పోగు కింద నిటారు అక్షరాల్లో మొదటి వాక్యం: అడిగినాము. అన్న చెప్పినాడు.

ఇన్ని నెలలుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. శోభ మగ్గం కట్టె పట్టుకుని నిలబడింది.

చాలాసేపటికి అతను మిగిలిన పేజీలు తిప్పాడు. ప్రిపొజిషన్, కంజంక్షన్. చివర ఇంటర్జెక్షన్ అనే శీర్షిక మాత్రమే ఉంది. పేజీ ఖాళీ.

"ఇది రాయలేదేం?"

"చివరి జానెడు సార్," అంది శోభ.

ఈరేష్ జేబులోంచి పెన్ను తీశాడు. ఒక్క వాక్యం రాశాడు. అలాస్, రాధిక ఈజ్ నో మోర్. రాసి, పెదవులు కదిలేలా ఒకసారి చదువుకున్నాడు. కింద ఒక గీత ఖాళీ వదిలి పుస్తకం మూశాడు.

"ఈ పాఠానికి రెండు ఉదాహరణలు కావాలి. ఒకటి దుఃఖానికి, ఒకటి సంతోషానికి. రెండోది నాకు ఇప్పుడు రాదు."

"ఎప్పుడొస్తుంది సార్?"

"నీ రిజల్టు వచ్చాక చూద్దాం. ఆదివారం ఎనిమిదికి రా."

"తొమ్మిదిన్నరకు వస్తా సార్."

* * *

రాధిక సంవత్సరీకం జరిగిన పదో రోజున డీఎస్సీలో నెగ్గినవాళ్ల జాబితా వచ్చింది. ఆ రోజు ఆదివారం కాదు. అయినా తొమ్మిదిన్నరకు శోభ వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఎండ కాస్తోంది. జడ పొడిగా ఉంది. కళ్లు మాత్రం తడి.

"ఉద్యోగం ఆస్పరి మండలంలో వచ్చేటట్టుంది సార్. మా అమ్మకు సెప్పి నేరుగా ఈడికే వచ్చినా."

మహాదేవమ్మ ఆ పిల్ల బుగ్గలు రెండు చేతులా పట్టుకుని, తర్వాత గోడ మీది ఫోటో వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరేష్ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చాడు. చివరి పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. అతని వాక్యం కింద గీత ఇంకా ఖాళీగానే ఉంది.

"రాయి," అన్నాడు.

శోభ వేళ్లతో పైట చెంగు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"చివరి జానెడు ఇంటోళ్లే గదా సార్ రాయాల," అంది మెల్లగా. "నేను రాయొచ్చునా?"

ఈరేష్ తల్లి వైపు చూశాడు.

మహాదేవమ్మ కళ్లు తుడుచుకుంది. కొడుకు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, శోభ చేతిలో పెట్టింది.

"కూర్చుని రాయమ్మా," అంది. "నిలబడి రాస్తే అక్షరాలు వంకరపోతాయి."