ఊరట పెట్టె

ఎనిమిది చేతులున్న దాన్ని రెండు చేతులతో పట్టుకోవడం ఎలాగో నూకరత్నానికి నలభై మూడేళ్ళు వచ్చేదాకా తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. నీలమ్మపాలెంలో ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టారు, అమ్మారు, బేరాల్లో మగాళ్ళ నోళ్ళు మూయించారు గానీ పడవ మాత్రం ఎక్కలేదు. ఇప్పుడా పట్టింపులన్నీ పోయాయి. సముద్రం వేడెక్కి వంజరం, కానాగంత లాంటి చేపలన్నీ చల్లటి చోటు వెతుక్కుంటూ లేచిపోయాయి. ఒడ్డు దగ్గర మిగిలింది ఆక్టోపస్ ఒక్కటే. దాన్ని పట్టడానికి ఆడవాళ్ళకీ లైసెన్సు ఇస్తున్నారు.

"లాగొదినా, తాడు లాగు," అన్నాడు మరిది ఎర్రయ్య ఇంజను ఆపుతూ. "దానికి ఎరా గిరా అక్కర్లేదు. ఇరుకిల్లు కనిపిస్తే చాలు, దూరిపోద్ది."

తాడుకి వరసగా కట్టిన సిమెంటు కుండల్లో మొదటిది పైకొచ్చింది. నూకరత్నం లోపల చెయ్యి పెట్టింది. లోపలున్నది ఆ చేతిని పట్టుకుని, ముంజేతి దాకా పాకి, గుండీల్లాంటి నోళ్ళతో చర్మాన్ని పీల్చింది.

"ఒరే ఎర్రయ్యా, ఎవరు ఎవర్ని పట్టినట్టురా ఇది?"

"నిన్నే పట్టింది. లైసెన్సు దానికే ఇప్పిద్దాం," అని నవ్వి, ఎర్రయ్య కుండలో చారెడు మంచినీళ్ళు పోశాడు. దానికి మంచినీళ్ళు పడవు. విదిలించుకుని జారి బుట్టలో పడింది. నూకరత్నం చేతిమీద ఎర్రటి గుండ్రటి మచ్చలు లేచాయి. భయమేసింది గానీ, బాగానే ఉంది కూడా.

ఆమె ఈ పనికి రావడానికి కారణం ఇంట్లో ఉంది. కూతురు సత్యవేణికి ఎనిమిదో నెల. తొలిచూలు కాబట్టి పుట్టింట్లోనే పురుడు పోయాలి. ఆ పిల్లకి తండ్రి లేడు, అత్తగారు లేరు. నూకరత్నం పనిచేసిన రొయ్యల ఫ్యాక్టరీలో పొద్దున లోపలికెళితే చీకటి పడేదాకా గేటు తియ్యరు. పురిటికి సెలవడిగితే సూపర్‌వైజరు "పురుడు నీకా, నీ కూతురికా?" అని వెటకారం చేశాడు. కుండల వేటయితే వారానికి రెండు రోజులు, పదిగంటలకల్లా ఇల్లు. నొప్పులొచ్చే వేళకి పిల్ల పక్కన ఉండాలి. ఆమె కోరుకున్నది అంతే.

పడవలో మూడో మనిషి డాక్టర్ కిరీటి. మందులిచ్చే డాక్టరు కాదు, సముద్ర జీవుల మీద పరిశోధన చేసే సైంటిస్టు. ముప్పై దాటి ఉండవు. వాంతి ఆపుకుంటూ ప్రతి కుండలోకీ టార్చి కొట్టి చూస్తున్నాడు. ఆరో కుండ దగ్గర అతని మొహం వికసించింది.

కుండని నీళ్ళ తొట్టిలో దించారు. లోపల పైభాగం నుంచి బియ్యపు గింజల దండల్లా గుడ్లు వేలాడుతున్నాయి. వాటి కింద తల్లి, పాలిపోయి, చిక్కిపోయి ఉంది. వేలు పెట్టినా పట్టుకోలేదు.

"నెల రోజులై ఏమీ తిని ఉండదు," అన్నాడు కిరీటి. "గుడ్లు పెట్టాక తిండి మానేస్తుంది. రేయింబవళ్ళు వాటిమీదికి నీళ్ళు ఊదుతూ కూర్చుంటుంది. పిల్లలు బయటికొచ్చేసరికి చచ్చిపోతుంది."

"అయ్యో పాపం. ఎవరు తినొద్దన్నారు బాబూ?"

"దాని ఒళ్ళే. రెండు కళ్ళ వెనకా ఆప్టిక్ గ్లాండ్స్ అని చిన్న గ్రంథులుంటాయి. గుడ్లు పెట్టగానే అవి రసాయనాలు వదులుతాయి. దాంతో ఆకలి పోతుంది." జేబులోంచి అగ్గిపెట్టెంత డబ్బా తీశాడు. "ఇది ఊరట పెట్టె. కుండ మూతికి బిగిస్తే నీళ్ళలోకి కొంచెం కొంచెంగా మందు వదులుతుంది. ఆ గ్రంథులు నిద్రపోతాయి. తల్లి మళ్ళీ తింటుంది, బతుకుతుంది. ల్యాబ్‌లో చూశాను. గుడ్లతో ఉన్నదాని మీద మాత్రం ఇదే మొదటిసారి. దీన్ని ల్యాబ్‌కి పట్టుకెళదామని ఉంది."

"దీనికోసం మీకింత తాపత్రయం దేనికి?"

కిరీటి డబ్బా మీది తడి తుడిచాడు. "మా అమ్మ నా చదువు కోసమని సోమవారం, శనివారం, ఏకాదశి, ఏదో ఒక ఉపవాసం ఉండేదమ్మా. డాక్టరు తినమన్నా వినలేదు. అలాగే పోయింది."

నూకరత్నం మనసు కరిగిపోయింది. "కుండని మాత్రం ఊరు దాటించకండి. పురిట్లో ఉన్నదానికి ఇల్లు మార్చకూడదు. ఆ పెట్టేదో పెట్టెయ్యండి బాబూ. తల్లి సచ్చిపోతే పిల్లల్ని సూసేదెవరు?"

పడవ ఊగుతుంటే అతని చేతికి స్క్రూ నిలవలేదు. చివరికి ఆమే బిగించింది. కుండని మళ్ళీ అక్కడే దించారు.

నాలుగో రోజున లాగితే ఆరో కుండలో తల్లి లేదు. ఏడో కుండలో ఉంది, నిగనిగలాడుతూ, చుట్టూ పీత డొప్పలు పోగేసుకుని. ఆరో కుండలో గుడ్ల మీద మడ్డి పేరుకుంది. ఒక దండ తెల్లగా పాడైపోయింది.

"తల్లి బతికింది," అన్నాడు కిరీటి. ఆ మాటలో సంతోషం సగంలోనే ఆగిపోయింది. ఆకలిని తిరిగిచ్చిన మందు పిల్లల ధ్యాసని పట్టుకుపోయింది.

నూకరత్నం పెట్టె స్క్రూ మీద వేలు పెట్టింది. "నా సేత్తో బిగించాను," అంది.

గుడ్లనీ తల్లినీ ఒడ్డునున్న షెడ్డులో పక్కపక్క అద్దాల తొట్లలో పెట్టారు. కిరీటి కరెంటు పంపు పెడితే దండలు తెగాయి, వేగం తగ్గిస్తే మడ్డి పట్టింది. అప్పుడు నూకరత్నం పాత ఆటో హారన్‌కున్న రబ్బరు బుడ్డి ఊడదీసి, సన్నటి గొట్టం తగిలించి, నీళ్ళలో పెట్టి నొక్కింది. పసిపిల్లకి పట్టే ఉగ్గు ఊదినట్టు ఒకసారి మెత్తగా, ఒకసారి కాస్త గట్టిగా, చూసుకుంటూ నొక్కింది. సాయంత్రానికి గుడ్లు తేటపడ్డాయి. వాటి గుండెలు కొట్టుకోవడం, తొట్టికి బిగించిన కెమెరా లోంచి కిరీటి ల్యాప్‌టాప్ స్క్రీను మీద అంకెల్లో కనిపించింది. ఆ అంకెలు చూశాక ఆమె ఇంటికెళ్ళలేకపోయింది.

అలా మూడు వారాలు. రాత్రి సగం ఎర్రయ్య ఊదేవాడు, ఇంతకంటే ఇరవై వలలు లాగడం నయమని గొణుక్కుంటూ. కిరీటి చేతికిస్తే పది నిమిషాలకల్లా ధ్యాస ల్యాప్‌టాప్ మీదికి పోయేది, అంకెలు పడిపోయేవి. పక్క తొట్టిలో అసలు తల్లి మాత్రం పీతలు నములుతూ కులాసాగా ఉంది. ఎర్రయ్య దానికి మహారాణి అని పేరు పెట్టాడు.

నెలలు నిండిన సత్యవేణి రోజూ మధ్యాహ్నం ఆయాసపడుతూ కేరియర్ పట్టుకొచ్చేది. "నన్ను పురిటికి తెచ్చుకున్నావా, వంటకి తెచ్చుకున్నావా అమ్మా?" అని నిష్ఠూరమాడేది. "అక్కడెట్టు, తింటాను," అనేది నూకరత్నం. కేరియర్ సగం నిండుగానే తిరిగి వెళ్ళేది.

ఒకరోజు కూతురు వెళ్ళాక నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "కన్నదాన్నొగ్గేసి కననోటికి కాపలా కాస్తన్నాను బాబూ. దానికి నొప్పులొస్తే నానేటి సెయ్యాలి?" తప్పంతా తనదేనని కిరీటికి తెలుసు, అది చెప్పుకోవడానికీ సిగ్గుపడ్డాడు.

గురువారం మధ్యాహ్నం సత్యవేణి కేరియర్ కింద పెట్టి, లేవలేక షెడ్డు స్తంభం పట్టుకుంది. కాళ్ళ వెంట నీళ్ళు. నూకరత్నం కూతురి వంక చూసింది, తొట్టి వంక చూసింది. గుడ్లలోంచి నల్లటి కళ్ళు చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి. నేడో రేపో పిల్లలొచ్చేస్తాయి. ఆ బుడ్డి తీసి కిరీటి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మెల్లగా ఊదండి. ఆపకండి బాబూ."

ఎర్రయ్య ఆటో తెచ్చాడు. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళిపోయారు. షెడ్డులో కిరీటి ఒక్కడే మిగిలాడు.

ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బయటపడే వేళకి నూకరత్నం కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. మర్నాడు మధ్యాహ్నం, తల్లీపిల్లా నిద్రపోతున్నారని రూఢి చేసుకుని, ఎర్రయ్యని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి షెడ్డుకి వచ్చింది. వస్తూ దారంతా తొట్టిలో ఏం చూడాల్సొస్తుందోనని బెంగపడింది.

తొట్టి నిండా నువ్వుగింజలంత పిల్లలు, వందల కొద్దీ, నీళ్ళలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక మూల ఒక్క దండలో కొన్ని గుడ్లు మిగిలి ఉన్నాయి. వాటి ముందు కిరీటి, నిన్నటి చొక్కాతో, నిన్న కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు. కళ్ళు లోతుకి పోయాయి. ల్యాప్‌టాప్ మూసి ఉంది. సత్యవేణి తెచ్చిన కేరియర్ మూత తియ్యనైనా తియ్యలేదు, పులిసిన వాసన వస్తోంది.

"అన్నం తిన్లేదేటి బాబూ?"

"ఆకలి వెయ్యలేదమ్మా."

ఆమె పక్కన కూర్చుని బుడ్డి కోసం చెయ్యి చాచింది. "ఇలాగివ్వండి. ఎల్లి రెండు మెతుకులు తినిరండి."

అతను ఇవ్వలేదు. కళ్ళు నీళ్ళ మీంచి తియ్యకుండా, మెత్తగా ఒకసారి నొక్కాడు.

"ఇంకా పద్నాలుగున్నాయి," అన్నాడు. "అవి కూడా వచ్చాక తింటాను."