బావ కోసం పట్టిన సీటు

మా బడిలో పిల్లలు చీకటికి భయపడితే ఒకటే చెప్పేవాణ్ణి: వెలుతురులో ఉన్నవే చీకట్లోనూ ఉంటాయి, కొత్తగా ఏదీ రాదు. పోయిన వానాకాలం నుంచి ఆ మాట చెప్పడం మానేశాను.

ఆ ఆదివారం చిక్కడపల్లిలో అక్కావాళ్ళింట్లో ఉన్నాను. మేనకోడలు తన్మయికి ఎనిమిదేళ్ళు. సొరచేప సినిమా రెండో భాగం వచ్చిందని వారం నుంచి ఒకటే పోరు. బావ ఉదయ్ కుమార్ అశోక్‌నగర్‌లో ఒక ప్రెస్సులో కాగితం కోసే మిషన్ మీద పనిచేస్తాడు.

"పెళ్ళి కార్డులున్నయ్ బామ్మర్దీ. మీరు నడువుండ్రి, గిట్ల కోసి గట్ల వస్త. నాకో సీటు పట్టు" అన్నాడు.

నారాయణగూడలో ఓ పాత హాలు. మ్యాట్నీకి ముప్పై మంది కూడా లేరు. టికెట్ల మీద నంబర్లున్నా ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చున్నారు. తన్మయికి ఇటు నేను. అటు పక్క సీటు మీద నా రుమాలు పరిచాను. బస్సులోనైనా, హాల్లోనైనా మాకదే రిజర్వేషన్. ఎవరో వచ్చి, "ఖాళీనే ఉందా అన్నా?" అంటే, "మనిషి ఉన్నడు" అన్నాను.

సినిమా ఉసూరుమనిపించింది. మొదటి భాగంలో సొరచేప కనిపించేదే కాదు. నీళ్ళు కదిలితే చాలు, గుండె జారిపోయేది. ఇందులో మొదట్లోనే నోరు తెరుచుకుని వచ్చేసింది, గాలి కొట్టిన రబ్బరు ట్యూబులా.

"అరే, జర పంచర్ చేయుండ్రి దాన్ని!" అని వెనక ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

తెర మీద సముద్రపు అడుగు వచ్చింది. హాలు పూర్తిగా చీకటైంది. పక్క సీటు కిర్రుమంది. వాసన... తడిసిన కాగితం వాసన. దాని వెనక ఉప్పగా, తుప్పులాంటిదేదో.

"నాన్న వచ్చిండు" అంది తన్మయి గుసగుసగా.

"వానల తడిసినవా బావా?" అన్నాను. సినిమాలో పడ్డాడనుకున్నాను.

కాసేపటికి జేబులో ఫోన్ అదిరింది. బావ.

"ఇంక మిషన్ కాడనే ఉన్న బామ్మర్దీ. నాకోసం చూడకు." వెనకాల కత్తి దిగుతున్న చప్పుడు, ఆగి ఆగి.

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. తల తిప్పలేదు... తిప్పలేకపోయాను.

"తన్మయీ... నా ఒళ్ళో కూర్చుందువు, రా."

"ఉండు మామా. నాన్న పట్టుకున్నడు."

"విడిపించుకో."

"వస్తలేదు... గట్టిగ పట్టుకున్నడు. ఒక్క చెయ్యితోనే."

తెర మీద రబ్బరు సొరచేప ఎవరినో కొరికింది. హాలు మళ్ళీ నవ్వింది. పక్క సీటులో ఊపిరి కూడా లేదు. పాప నడుము చుట్టూ చెయ్యి వేసి లాగాను. రాలేదు. అటు నుంచీ ఎవరో లాగుతున్నారు. నెమ్మదిగా... నా బలమెంతో చూస్తున్నట్టు.

అప్పుడు తట్టింది. సీటు పట్టింది నేను. ఖాళీ లేదని చెప్పింది నేను.

పాప మీదుగా చెయ్యి చాచాను. తడుముతూ రుమాలు కొస అందుకుని గుంజాను. మీద ఎవరూ కూర్చోనట్టే సులువుగా వచ్చేసింది. పాప నా ఒళ్ళో పడింది. ఎత్తుకుని బయటికి పరుగెత్తాను.

బయట ఎండ మండిపోతోంది. చినుకు పడ్డ జాడ లేదు.

ఇంటికి చేరేసరికి బావ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పొడి చొక్కా, నవ్వు మొహం.

"అప్పుడే లేచొచ్చిన్రా? గంత బేకారుగ ఉందా సినిమా? నేనైతే మళ్ళ పోవాలె. ఇంకో వెయ్యి కార్డులున్నయ్."

ఎత్తుకున్న పాపను అప్పుడు కిందికి దించాను.

తన్మయి మెల్లగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి, ఆశ్చర్యంగా మొహంలోకి చూసింది.

"ఈ చెయ్యి మళ్ళ ఎప్పుడొచ్చింది నాన్నా?"