ఉమ్మెత్త పూసిన గది

తమిళనాడులో ఏళాయిరంపన్నై దాటి లోపలి ఊళ్లకు పోయే మట్టిదారిలో, కాలిపోయిన పటాకుల షెడ్డు ఒకటుంది. పొద్దు వాలాక అటు ఎవరూ పోరు. పద్నాలుగేళ్ల కింద అక్కడ మందు కలిపే గది పేలి ఆరుగురు ఆడవాళ్లు పోయారు. అప్పటి నుంచీ చీకటి పడితే చాలు — లోపల ఆడవాళ్లు పని చేసుకుంటూ గుసగుసలాడుకున్నట్టు వినిపిస్తుందంటారు. వానకు అక్కడ తలదాచుకున్న మేకల కాపరి ఒకడు తెల్లారేసరికి ఒళ్లు తెలియకుండా దొరికాడు. మూడు రోజులు ఎవరెవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడట…

ఆ ఆరుగురిలో మారియమ్మాళ్ ఒకతె. ఆమె కూతురే సుధాలక్ష్మి.

తల్లి పోయేనాటికి సుధకు నాలుగేళ్లు. ముఖమైతే ఫోటోలో ఉంది. గొంతు మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాదు. "అమ్మ ఎట్ల మాట్లాడేది అవ్వా?" అని చిన్నప్పుడు అడిగితే పాపమ్మాళ్ అవ్వ కొంగు నోట్లో కుక్కుకునేది. సుధ అడగడం మానేసింది. నాయన అళగర్‌సామి ఆ దారే వదిలేశాడు. పొలానికి పోవాలన్నా ఊరంతా చుట్టి పోయేవాడు.

సుధ ఇప్పుడు కోవిల్‌పట్టిలో కాలేజీ మొదటి ఏడు, బయాలజీ. ఆ ఇంట్లో కాలేజీ మొహం చూసింది ఆమె ఒక్కతే. బడిలో అంతా తమిళంలో చదివిన పిల్లకు ఇక్కడి ఇంగ్లీషు పాఠం కొరుకుడు పడలేదు. మొదటి పరీక్ష తప్పింది. ఇంకొకటి తప్పితే చదువు మానెయ్యమన్నాడు నాయన. ఇక ప్రాక్టికల్ మార్కులే దిక్కు.

ఆ ప్రాక్టికల్‌కు ఒక్కొక్కరికి ఒక్కో మొక్క. వంగ ఒకరికి, మిరప ఒకరికి. సుధకు ఉమ్మెత్త వచ్చింది. "విచ్చుకున్న పువ్వు తేవాలి. మొగ్గ తెస్తే సున్నా," అంది కర్పగం మేడమ్. ఉమ్మెత్త విచ్చుకునేదేమో పొద్దు గుంకాక! రోడ్డు పనికని గట్లన్నీ చదును చేసేశారు. ఉమ్మెత్త మిగిలింది ఒక్క చోటే — ఆ కాలిన షెడ్డులో. బస్సులోంచి రోజూ తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది.

ప్రాక్టికల్‌కు ముందురోజు సాయంత్రం ఆమె బస్సు దిగి, ఇంటికి పోకుండా ఆ షెడ్డు వైపు నడిచింది.

పైకప్పు చాలావరకు కూలిన గోడలు… మసి… గది నిండా నడుము ఎత్తున ఉమ్మెత్త. పువ్వులు అప్పుడప్పుడే విప్పుకుంటున్నాయి. ఒక కొమ్మ విరిచింది. నుదుటి చెమట కళ్లలోకి కారితే అదే చేత్తో రెండు కళ్లూ నులుముకుంది. అంతలో వాన. కప్పు మిగిలిన ఓ మూలకు చేరి కూర్చుంది.

'ఏ గదిలో ఉన్నిందో అమ్మ…'

అరగంటకు వాన తగ్గింది. చీకటి పడింది. ఫోన్ తీస్తే తెర మీద అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. టార్చి వేసింది — కళ్లలో తెల్లగా మంట లేచినట్టయింది. ఆర్పేసింది. నల్లటి కరిసల్ మన్ను చెప్పులకు ముద్దలుగా అంటుకుంటోంది. దారి ఇటేనని నడిచింది. పది అడుగులు… ఇరవై…

"నిలు."

ఆడగొంతు. చాలా మెల్లగా.

"అడుగెయ్యొద్దు పాపా… ముందర బాయి ఉండాది."

సుధ ఆగిపోయింది. కాలేజీలో, బస్సులో, అంగట్లో అంతా తమిళమే. ఇది ఇంటి మాట. తమ తెలుగు!

చెప్పుకు అంటిన మట్టి ముద్ద తీసి ముందుకు విసిరింది. చప్పుడు లేదు… లేదు… ఎక్కడో లోతున, నీళ్లలో పడ్డ చప్పుడు.

"ఎడమ పక్క తిరుగు. దోవ వస్తాది."

తిరిగింది. నాలుగడుగులకు రాళ్ల దారి కాళ్లకు తగిలింది.

"ఎవురు?" అంది. ఆ రాళ్లు తడుముకుంటూ ఇల్లు చేరింది.

ఇంట్లో దీపం వెలుగులో ఆమె కళ్లు చూసి అవ్వ కెవ్వుమంది. కళ్లలో నల్లగుడ్డు తప్ప మరేమీ లేదు. "పట్టినాది! బిడ్డను పట్టినాది రా అళగరూ!"

నాయన కొమ్మ వైపు చూశాడు, మట్టి కాళ్ల వైపు చూశాడు. ఎక్కడికి పోయిందో అడగలేదు. "రేపట్నుంచి కాలేజీ లేదు," అన్నాడు.

"ఈ పువ్వొకటి ఇచ్చేసి వస్తా నాయనా. తర్వాత నీ ఇష్టం."

మర్నాడు తానే వెంట వెళ్లాడు. కర్పగం మేడమ్ సుధ కళ్లలోకి చూసి, చేతిలో కొమ్మ చూసి నవ్వేసింది.

"దీని రసం తగిలితే కంటిపాప విచ్చుకుపోతుంది. అందుకే చూపు చెదిరింది. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఒకసారి కళ్లాసుపత్రిలో చూపించండి, అంతే," అంది తమిళంలో. మేకల కాపరి సంగతి విని, "ఏ గింజో నమిలి ఉంటాడు. దెయ్యమూ లేదు, ఏమీ లేదు," అంది.

అళగర్‌సామి అంగవస్త్రంతో ముఖం తుడుచుకున్నాడు. సుధ మాత్రం అక్కడే నిలబడి అడిగింది.

"మేడమ్… చెవిలో మాటలు కూడా వినిపిస్తాయా?"

"నోట్లోకి పోతే వినిపిస్తాయి. నువ్వేమైనా తిన్నావా?"

"లేదు మేడమ్."

"కంటికి తగిలితే కన్నే. చెవికేం కాదు," అంది మేడమ్. మళ్లీ ఆమె కళ్లలోకి చూసి, "ఎందుకడిగావ్?" అంది. ఈసారి నవ్వలేదు.

తిరుగు బస్సులో సుధ అంతా చెప్పేసింది. బావి, గొంతు, ఆ మాటలు. బస్సు దిగాక నాయన చుట్టుదారి పట్టలేదు. నేరుగా షెడ్డు దారిన నడిచాడు. పద్నాలుగేళ్లకు మొదటిసారి.

అక్కడికి చేరేసరికి పువ్వులు విచ్చుకుంటున్నాయి. దారి పక్కనే నిలబడ్డారు ఇద్దరూ.

"పిలువు," అన్నాడు నాయన.

"అమ్మా… నిన్న నన్ను నిలిపింది నువ్వేనా?"

ఉమ్మెత్త ఆకులు కదల్లేదు. ఎక్కడా చప్పుడు లేదు…

నాయన చెయ్యి ఉన్నట్టుండి ఆమె మణికట్టును బిగించి పట్టుకుంది. ఆయనకూ వినిపించింది.

"మేమైదుగురమే ఉండాము పాపా…" అదే గొంతు, అంతే మెల్లగా. "మీ అమ్మ నిన్ననే నీ ఎంబడి ఇంటికి పోయె కదా!"