భర్త పేరు: తిరుపతిసామి

నాకు పెళ్లయిన సంగతి నాకు మొదట చెప్పింది కార్తిక.

విరుదునగర్‌లో నేను పనిచేసే పప్పు మిల్లు గేటు దగ్గర, మిట్టమధ్యాహ్నం, సైకిళ్ల మధ్య నిలబడి చెప్పింది. తోడుగా పొన్నుతాయి వచ్చింది. ఇద్దరూ కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో లేబుళ్లు అంటించే పిల్లలు. కార్తిక నా మేనమామ కూతురు. నా మీద ఏదో ఒక కోపం ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"బావా, నీకు పెండ్లయిపోయిందంట. తెలుసునా?"

"ఎవురితో?"

"నాతోనే."

రెండేళ్లుగా నేను కోరుకుంటున్నది అదే కాబట్టి చెవులను నమ్మలేదు. ఆమె ఒక జెరాక్స్ కాగితం నా మొహం ముందు పెట్టింది. రెండువేల ఒకటి ఎన్నికల ఓటర్ల జాబితా. కార్తిక, వయసు పందొమ్మిది, భర్త పేరు తిరుపతిసామి. అంటే నేనే.

"ఇదెట్లా అయింది?"

"ఆ పొద్దు నువ్వు మా ఇంట్లో కూర్చోని దోసెలు తింటా ఉంటివి కదా. పేర్లు రాసుకునే సారు వచ్చి ఇతనెవరని అడిగినాడు. మా అమ్మ మరుమగన్ అని చెప్పింది."

తమిళంలో మేనల్లుడైనా మరుమగనే, కూతురి మొగుడైనా మరుమగనే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం మాట్లాడే మాకు ఇలాంటి తిప్పలు తప్పవు. కార్తిక వాళ్లమ్మ వీరమ్మాళ్ అత్త మేనల్లుడనే చెప్పింది. సారు నన్ను అల్లుణ్ణి చేసి పోయాడు.

"నవ్వబాక. తాగే నీళ్లు పది దినాలకొకసారి వచ్చే ఊర్లో, ఓటు వేయకుంటే మన మాట ఎవురు వింటారని కంపెనీలో ఇరవైమందిని పోరి పోరి పేర్లు రాయించినాను. ఇప్పుడు వాళ్లే, నీ మొగుడు ఎవురికి చెప్తే వాళ్లకు వేస్తావా అని నవ్వుతుండారు. ఇది నా తొలి ఓటు బావా. ఎవురి పెండ్లామనో పోయి వేయను."

ఇంకో కాగితం తీసింది. నేను ఈమె భర్తను కాను అని రాసి సంతకం పెట్టాలట. శుక్రవారం అయిదులోపు కోవిల్‌పట్టి తాలూకా ఆఫీసులో ఇవ్వాలట.

పెన్ను తీశాను. మళ్లీ జేబులో పెట్టేశాను.

"ఇంకు లేదు," అన్నాను.

"అబద్ధం." నా వైపు ఒక చూపు చూసి, కాగితం నా జేబులో కుక్కింది. "శుక్రవారం."

ఆ మూడు రోజులూ నాకు కుదురు లేదు. కందిపప్పు బస్తాల మీద మినప్పప్పు చీటీలు కట్టి మేస్త్రీ చేత తిట్లు తిన్నాను. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? గవర్నమెంటే సంబంధం కుదిర్చినట్టు జాబితాలో అలాగే ఉండిపోతాం. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ ఆమె కళ్లు గుర్తొచ్చేసరికి, పొరపాటున దొరికిన మొగుడి పదవి నాకెందుకని సిగ్గేసింది. శుక్రవారం మూడు గంటలకు సంతకం పెట్టి బస్సెక్కాను.

బస్సు సాత్తూరు దగ్గర అరగంట ఆగిపోయింది. అయిదుకు పది నిమిషాలుండగా తాలూకా ఆఫీసుకు పరుగెత్తాను. మెట్ల మీద కార్తిక గోళ్లు కొరుకుతోంది.

గుమాస్తా కాగితం చదివి అడిగాడు. "మొగుడు కాకుంటే ఈమెకు నువ్వేమవుతావు?"

"వీళ్ల నాయనకు మరుమగన్ సార్."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. కార్తిక నా కాలు తొక్కి, "అత్త కొడుకు సార్," అంది. ఆయన మళ్లీ పెన్ను తీసి, భర్త పేరు కొట్టేసి వాళ్ల నాయన పేరు రాశాడు.

ఓటింగు రోజు మిల్లుకు సెలవు. కోవిల్‌పట్టి స్కూలు ముందు నిలబడ్డాను. ఇరవైమందినీ ముందు పంపి, తను చివర్న వేసి, మూడుంబావుకు బయటికొచ్చింది. అంత వెలుగు ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు. ఇక నాలో నేను దాచుకోలేకపోయాను.

"కార్తికా, నువ్వంటే నాకు ప్రాణం. ఆ సంతకం పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది. నన్ను చేసుకుంటావా?"

ఆమె నా ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు చూసింది. ఎక్కడా సిరా లేదు.

"నీ ఓటు?"

"విరుదునగర్‌లో ఉండాది. నిన్ను చూడాలని వచ్చేసినాను."

"వేయకుండానా? ఇంతమందిని వెంటబెట్టుకొని నేను వస్తే, నువ్వు చేతిలో ఉండేదాన్ని పారేసి వస్తివా? నా కోసమంటే నేను మురిసిపోవాలా? అయిదుకు మూసేస్తారు. పో."

"జవాబు?"

"పో బావా."

తిరుగు బస్సులో నేను కూర్చోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవర్ వెనకాల నిలబడి, ప్రతి స్టాపులో దిగేవాళ్లను మనసులో తిట్టాను. అయిదుకు ఆరు నిమిషాలుండగా బూత్‌లోకి దూరాను.

బయటికొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ల పక్కింటికి ఫోన్ చేశాను. పిలవమని చెప్పకముందే లైన్లోకి ఆమే వచ్చింది.

"వేసినావా?"

"వేసినాను. చివరి మనిషిని నేనే."

"ఎవురికి?"

"అది చెప్పకూడదు."

ఆమె మెల్లగా నవ్వింది.

"సరి. మా నాయన ఇంట్లోనే ఉండాడు. నాకు సమ్మతమని చెప్పేసినాను. నువ్వు వచ్చి అడుగు."